బోర్డు లేని గుంజ

ధూళిమిట్టలో సిద్ధమ్మ గొంతు ఎరగనివాళ్లు లేరు. ఆమె తన పత్తిచేలో నిలబడి కోతులను అదిలిస్తే అవతలి చేలలో ఉన్న కోతులు కూడా లేచిపోయేవి. అంత గొంతున్న మనిషి కడుపులో ముచ్చట దాగదని వేరే చెప్పనక్కర్లేదు. పొద్దున విన్న రహస్యాన్ని పొద్దు నెత్తిమీదికి రాకముందే ఊరంతా తిప్పి, చివరికి మొదట చెప్పినవాళ్ల దగ్గరికే తీసుకొచ్చి, "నీకు ఎరుకేనా?" అని అడిగే రకం.

మూడేళ్లుగా మాత్రం ఆ గొంతుకు ఒకటే పని. తన ఎకరం చేనులో మందు చుక్క పడలేదని, బీటీ గింజ ఒక్కటి కూడా మొలవలేదని చాటుకోవడం. పెళ్లిళ్లలో చెప్పింది, రేషన్ షాపు వరుసలో చెప్పింది. దినాలకు పోయినచోట పోయిన మనిషి గురించి నాలుగు మంచిమాటలు చెప్పి, అయిదో మాటగా ఇదే చెప్పింది.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. నాలుగేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఆమె మొగుడు దేవదాసు పత్తికి పురుగుల మందు కొడుతూ కొడుతూ సాలులోనే కూలిపోయాడు. వీపు మీద పంపు, నోట్లో నురగ. సిద్దిపేట పెద్ద దవాఖానలో కళ్లు తెరిచి అతడు అడిగిన మొదటి మాట, "పంపుల మందు ఒలికిందా?" అని. సిద్ధమ్మ ఆ రోజు ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది. ఇంటికి రాగానే ఉన్న నాలుగెకరాల్లో ఒక ఎకరానికి గెట్టు వేయించి, "ఇది నాది. దీంట్ల నీ మందు లేదు, నీ బీటీ లేదు, నువ్వు గూడ లేవు" అని తేల్చేసింది.

దేవదాసు మంచివాడు. మంచివాడే కానీ మొండి. భార్య చెప్పిందంతా బుద్ధిగా విని, మిగిలిన మూడెకరాల్లో ఎప్పటిలాగే బీటీ పత్తి పెట్టాడు. అతనికీ ఒక వాదన ఉంది మరి.

"బీటీ రాకముందు మా నాయిన కాయపురుగును చేత్తోని ఏరిండు. మందు మీద మందు కొట్టిండు. బీటీ వచ్చినంక ఆ పురుగుకు మందు కొట్టుడు తప్పింది. నేను పడిపోయింది దోమ మందుకు. బీటీనెందుకు తిడతవే?"

"తప్పిందా? మరి గులాబి పురుగు ఏంది, నీ చుట్టమా? మొదట్ల బీటీ తిని సచ్చింది, ఇప్పుడు బీటీ తిని బలుస్తుంది."

"అది వేరే సంగతి."

"నీకు ప్రతిదీ వేరే సంగతే."

ఒకే పొయ్యి మీద వండుకొని తిని, గెట్టుకు ఇటొకరు అటొకరు నిలబడి కొట్లాడుకునేవాళ్లు. మధ్యలో జొన్న, కంది కలిపి దట్టంగా వేసిన అడ్డు సాళ్లు. దేవదాసు బీటీ పూల పుప్పొడి గాలికో, ఈగకో అంటుకొని ఇటు రాకుండా సిద్ధమ్మ పెట్టుకున్న కాపలా అది. "తేనెటీగ జొన్న మీదికెల్లి ఎగిరి రాదానే? దానికి ఆధార్ కార్డు అడుగుతవా?" అని దేవదాసు నవ్వేవాడు. "అడుగుత. నీ చేన్లకెల్లి వచ్చిందైతే ఎనకకు పంపుత" అనేది సిద్ధమ్మ, ఏమాత్రం నవ్వకుండా.

ఒకసారి సిద్దిపేటలో ఏదో ఫంక్షన్ హాల్లో జన్యుమార్పిడి పంటల మీద సదస్సు పెడితే ఇద్దరూ కలిసే వెళ్లారు. ఈ పంటలు మంచివని ఒక సారు, ప్రమాదమని ఇంకొక సారు మాట్లాడారు. మొదటి సారుకు దేవదాసు చప్పట్లు, రెండో సారుకు సిద్ధమ్మ చప్పట్లు. ఎవరి చప్పుడు పెద్దదన్న పోటీలో పక్క కుర్చీలవాళ్లకు ఏ సారు ఏమన్నాడో వినపడలేదు. చివర్లో సిద్ధమ్మ మైకు అందుకుంది. ఆమెకు మైకు ఎందుకో నాకైతే తెలియదు.

"సారూ, నా చేను నేను కాపాడుకుంటున్న. పక్క చేనాయన బీటీ పెడితే నా గింజ పాడైతది. గా నష్టానికి జిమ్మేదారు ఎవరు?"

మంచివన్న సారు మర్యాదగా, "మంచి ప్రశ్న అమ్మా. పక్క చేను ఎవరిది?" అని అడిగాడు.

"ఇగో, గీనదే" అని సిద్ధమ్మ మొగుణ్ని చూపించింది.

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో జవాబు పోయింది. తిరుగుప్రయాణంలో ఆ జవాబు ఏమై ఉండేదన్న దాని మీద మొగుడూ పెళ్లాలు ఎంతగా కొట్లాడుకున్నారంటే, బస్సు ధూళిమిట్ట దాటిపోయినా చూసుకోలేదు. తర్వాతి ఊళ్లో దిగి, అంత దూరం వాదించుకుంటూనే వెనక్కి నడిచొచ్చారు.

ఊళ్లో సిద్ధమ్మలాంటి ఆడవాళ్లు కొందరు కలిసి సేంద్రియ రైతుల సంఘం పెట్టుకున్నారు. సిద్దిపేట నుంచి సింధూజ అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చి వాళ్ల పనులు చూసిపెట్టేది. ఈ సంఘంలో తనిఖీకి పైనుంచి అధికారులు రారు. ఒకరి చేను ఒకరు తనిఖీ చేయాలి, ఎవరికి ఎవరి చేనో చీటీలు వేసి తేలుస్తారు. చేనులో అక్కడొకటి ఇక్కడొకటి ఆకులు తెంపి, చిన్న గొట్టంలో మందునీళ్లు పోసి నలిపి, అందులో ఒక పట్టీ ముంచుతారు. ఒక గీత వస్తే చెట్టు మంచిది. రెండు గీతలు వస్తే బీటీ. "దవాఖానల రెండు గీతలొస్తే మిఠాయి పంచుతరు, మన దగ్గర రెండు గీతలొస్తే శోకాలు పెడతరు" అని ఆడవాళ్లు ఒకరినొకరు పొడుచుకొని నవ్వేవాళ్లు.

పరీక్ష నెగ్గాక, చేను గల మనిషి ఆ చేను మట్టినే పిడికిట పట్టుకొని, "నాకు ఎరుకైనంతల ఈ చేన్ల బీటీ గింజ పడలే" అని ఒట్టు పెట్టాలి. ఈ ఒట్టు పద్ధతి పెట్టించింది సిద్ధమ్మే. అట్లా మూడేళ్లు వరుసగా నెగ్గినవాళ్లకు చేను ముందర పాతుకోవడానికి ఆకుపచ్చ బోర్డు ఇస్తారు. దాని మీద పేరు, ఫొటో, కింద "ఇది సేంద్రియ చేను" అన్న అక్షరాలు. ఆ బోర్డు కోసం సిద్ధమ్మ ప్రాణం కొట్టుకుపోయేది.

పోయినేడు కొండవ్వ చేను సిద్ధమ్మకు పడింది. కొండవ్వ ఆమెకంటే పెద్దది, కల్లుగీసే ఇంటి మనిషి, నిదానస్తురాలు. ఆమె చేను సిద్ధమ్మ చేనుకు పక్కనే. తన చేనులో కాసిన పత్తి గింజనే దాచుకొని మళ్లీ పెట్టుకుంది. పరీక్ష చేస్తే రెండు గీతలు వచ్చాయి. కొండవ్వ తెల్లబోయింది. ఎవరూ అడగకముందే వంగి మట్టి తీసి పిడికిట పట్టుకొని, "నాకు ఎరుకైనంతల పడలే చెల్లె. చుట్టూరా బీటీనే గదా. అంతకుముందటేడు పూల కాలంల ఈగలు కలిపినయో ఏమో, గా గింజలనే వచ్చినట్టున్నది" అంది.

"ఈగల మీద పెడతవా అక్కా? చేనుకు కావలి ఉండాలె. ఎరుకలేదంటే ఎట్లయితది?" అని సిద్ధమ్మ గొంతెత్తింది.

ఆ గొంతు లేచాక ఇంకేముంది, ఊరంతా విన్నది. కొండవ్వ ఏడాది పాటు సంఘానికి బయట. ఆనాటి నుంచి ఆమె సిద్ధమ్మతో మాట మానేసింది. ఎదురుపడితే పక్కకు తిరిగి చెట్లను చూసేది. సిద్ధమ్మకు లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది కానీ, నియమం నియమమే కదా అని సర్దుకునేది.

ఈ ఏడు సిద్ధమ్మకు మూడో ఏడు. రెండు తనిఖీలు నెగ్గింది, ఇది ఒక్కటి నెగ్గితే బోర్డు. బోర్డు రాకముందే బోర్డు పనులు మొదలుపెట్టింది. సిద్దిపేటలో స్టూడియోకు పోయి ఫొటో దిగింది. నవ్వితే పళ్లన్నీ కనపడుతున్నాయని ఒకసారి, నవ్వకపోతే కొట్లాటకు వచ్చినట్టుందని ఒకసారి, మళ్లీ మళ్లీ తీయించి ఫొటోగ్రాఫరుకు చుక్కలు చూపించింది. ఒక జామాయిల్ కట్టె తెచ్చి, బెరడు ఒలిచి, గుంజ చేసి ఆకుపచ్చ రంగు పూసింది. తంగేడు పూలకు పోయే ఆడవాళ్లంతా తన చేను మీదుగానే పోతారు కాబట్టి, బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాటికి బోర్డు నిలబడాలని ముహూర్తం పెట్టుకుంది. ప్రజ్ఞాపూర్‌లో టిఫిన్ సెంటర్ నడుపుకునే బిడ్డ సౌమ్యకు ఫోన్ చేసి, "అల్లున్ని, పిల్లలను తీస్కొని రా. నా బోర్డు కాడ అందరం ఫొటో దిగాలె" అంది. గుంజకు గుంత తవ్వే పని దేవదాసుకు పడింది.

సరిగ్గా ఆ గుంత దగ్గరే దేవదాసు తీరు మారింది. గడ్డపారతో ఒక పోటు పొడిచి, ఆకాశం వంక చూసి, ఇంకో పోటు పొడిచేవాడు.

"బోర్డు రాకపోతే ఏం జేస్తవే?"

"ఎందుకు రాదు?"

"ఊకెనే అడిగిన."

ఆ రోజు నుంచి కల్లు ముట్టలేదు. అన్నం సగంలో వదిలి లేచేవాడు. అన్నిటినీ మించిన విడ్డూరం, ఒక పొద్దు తనంతట తానే, "నీ సేంద్రియమే మంచిదేమోనే" అన్నాడు. సిద్ధమ్మ గుండె గుభేలుమంది. మొగుడికి మళ్లీ ఏదో పెద్ద రోగం వచ్చిందనుకుంది. నుదురు పట్టి చూసింది, నాలుక చాపించి చూసింది, సిద్దిపేట దవాఖానకు పోదాం లెమ్మంది.

రోగమేమిటో తనిఖీ రోజు పొద్దున తేలింది. చీటీల్లో సిద్ధమ్మ చేను కొండవ్వకు పడింది. ఏడాది గడిచి ఆమె మళ్లీ సంఘంలోకి వచ్చింది మరి. "మంచిదే ఆయె, వచ్చి కండ్లార చూడనీ" అని సిద్ధమ్మ ఉత్సాహంగా కొత్త చీర కట్టింది. గుంజను ముందు పక్క తాను, వెనక పక్క మొగుడు భుజాన వేసుకొని చేనుకు బయల్దేరారు.

"ఇగో, ఒక మాట" అన్నాడు దేవదాసు వెనకనుంచి.

"చెప్పు."

"ముందు గుంజ దించుదామా?"

"ఏంది, బరువున్నదా?"

"గుంజ కాదే, మాటనే బరువున్నది."

గుంజ దించారు. దేవదాసు దాని మీద కూర్చొని, నేలను చూస్తూ చెప్పాడు.

వానాకాలం మొదట్లో, పత్తి గింజలు పెట్టిన కొద్ది రోజులకే, సౌమ్య కాన్పుకని సిద్ధమ్మ ప్రజ్ఞాపూర్ పోయింది. వాన మొహం చాటేసింది. ఆమె చేనులో ఒక పక్క సాళ్లలో అక్కడక్కడ గింజ మొలవలేదు. అట్లా మొలవని జాగలను పోగుంటలు అంటారు. పోగుంట కనిపిస్తే పత్తి రైతు చెయ్యి ఊరుకోదు, మళ్లీ గింజ పెడితేనే మనసు నిమ్మళిస్తుంది. దేవదాసు గెట్టు మీద నిలబడి చూస్తే పళ్లూడిన నోరులా ఉంది భార్య చేను. మూడేళ్లుగా దీని కోసం గొంతు చించుకుంటున్న మనిషి, వచ్చి చూస్తే ఎంత తల్లడిల్లుతుందో అనుకున్నాడు. కల్లు తాగి ఉన్నాడు, మనసు మెత్తగా ఉంది. తన చేను పోగుంటలకు పెట్టగా మిగిలిన, కంపెనీ మందు పూసిన రంగు గింజలు రుమాలులో ఉన్నాయి. అంతే, పాట పాడుకుంటూ ఖాళీలన్నీ నింపేశాడు. అవి బీటీ గింజలన్న సంగతి మర్నాడు కల్లు దిగాక యాదికొచ్చింది.

"మరి నేను వచ్చినంక చెప్పాలె గదా!" అంది సిద్ధమ్మ.

"చెప్దామనే వచ్చిన. నువ్వు చేన్ల నిలవడి, 'చూడుండ్రి నా భూమితల్లి, ఒక్క పోగుంట లేకుంట మొలిపించింది' అని పోయేటోళ్లందరిని పిలిచి చూపిస్తున్నవు. నీ మొఖం గట్ల ఎలిగిపోతుంటే నాకు నోరు లేవలే."

నిజమే, పిలిచి పిలిచి చూపించింది. కొన్ని మొక్కలు మిగతావాటికంటే పొట్టిగా ఉన్నాయేమని ఎవరో అడిగితే, అవి సిగ్గరి మొక్కలని కూడా చెప్పింది. ఆ మాట గుర్తొచ్చి ఆమెకు చెవులు కాలాయి. ఆ వెంటనే కోపం వచ్చింది. ఆ కోపం పోయిన దారి చూస్తే మీరు నవ్వుతారు.

"ఇన్ని నెలలు కడుపుల పెట్టుకున్నోనివి, గీ ముచ్చట రేపు చెప్తే నీ సొమ్మేం పోయేదయ్యా! నాకు ఎరుక లేకపోతుండె! ఒట్టు పెట్టుకుందును! ఇప్పుడు ఎరుకాయె!"

"ఆగలేకపోయిన. కల్లు గూడ దిగుతలేదు" అన్నాడు దేవదాసు దీనంగా.

కూర్చొని ఏడవడానికి టైం లేదు. కొండవ్వ వచ్చేలోపు ఆ చెట్లు పీకెయ్యాలి. "ఏ సాళ్లు?" అని సిద్ధమ్మ కొంగు నడుముకు దోపింది. "నేను నాటిన చెట్లు నాకెరుక లేదా?" అని దేవదాసు ధీమాగా బాయి పక్క సాళ్లలోకి దిగాడు. మొదట్లో పొట్టిగా ఉన్న సిగ్గరి మొక్కలు ఇప్పుడు ఎదిగి మిగతావాటితో కలిసిపోయాయి, పూతా కాయా అన్నీ ఒకటే తీరు. అయినా అతడు ఒక్కొక్క చెట్టు ముందర నిలబడి, పాతకాలం స్నేహితుణ్ని గుర్తుపట్టినట్టు తలాడించి, "ఇగో గిది" అనేవాడు. సిద్ధమ్మ పీకేది. పీకాక, "ఉండు, గిది కాదేమో. గా పక్కది" అనేవాడు. అదీ పీకేది. నిండుగా కాయపట్టిన చెట్లు వేళ్లతో లేచొస్తుంటే ఆమె మొగుణ్ని ఒక్కో చెట్టుకు ఒక్కో కొత్త తిట్టు తిట్టేది.

"కల్లు తాగి నాటిన చెట్లు గదా. కొంచెం తాగితే యాదికొస్తదేమోనే" అన్నాడు దేవదాసు ఆశగా.

సిద్ధమ్మ మట్టిపెడ్డ తీసి విసిరింది. అది అతని నెత్తి మీదుగా పోయి బాయిలో బుడుంగుమంది. ఆ చప్పుడుకే అన్నట్టు అవతల స్కూటీ హారన్ వినపడింది.

పీకిన చెట్లన్నీ కుప్ప వేసి, పైన పరదా కప్పి, ఆ పైన దేవదాసును కూర్చోబెట్టేసరికి సింధూజ స్కూటీ ఆపింది. వెనక కొండవ్వ దిగింది. ఆమె చంకలో కాగితం చుట్టిన బోర్డు. నెగ్గితే అక్కడికక్కడే ఇద్దామని సింధూజ ముచ్చటపడి తెచ్చింది.

"ఏం బాపు, గీడ కూసున్నవు?" అని అడిగింది సింధూజ.

"నడుము నొప్పి బిడ్డా" అన్నాడు దేవదాసు. పరదా కిందినుంచి పత్తి కొమ్మలు నలుదిక్కులా తొంగి చూస్తున్నాయి. అతడు రెండు చేతులా వాటిని లోపలికి నొక్కుతున్నాడు.

కొండవ్వ ఎవరినీ పలకరించలేదు. చేనులోకి దిగి, నిదానంగా నడిచి, నట్టనడిమి సాళ్లలో ఆగింది. ఒక ఆకు తెంపింది. సింధూజ నలిపి పట్టీ ముంచింది. ఒక గీత వచ్చింది. రెండో చెట్టు ఆకు తెంపారు. ఒకటే గీత. మూడో చెట్టు దగ్గర సిద్ధమ్మ కళ్లు మూసుకుంది, అన్ని దేవుళ్లకూ మొక్కింది, ఏ మొక్కు ఏ దేవుడికో కలగలిసిపోయింది.

"ఒకటే గీత పెద్దమ్మా! నెగ్గినవు! బోర్డు నీదే!" అని సింధూజ ఎగిరి గంతేసి కాగితం చింపింది. బోర్డు మీద సిద్ధమ్మ ఫొటో, నవ్వీ నవ్వని మొహంతో, పొద్దుటెండకు మెరిసింది.

కొండవ్వ వంగి పిడికెడు మట్టి తీసింది. ఏడాది తర్వాత మొదటిసారి సిద్ధమ్మ చెయ్యి పట్టుకొని, అరచేతిలో ఆ మట్టి పోసి, వేళ్లు మూసింది.

"నాకు ఎరుకైనంతల..." అని మొదలుపెట్టింది సిద్ధమ్మ. అక్కడే ఆగిపోయింది. ఇదే మట్టిని పోయినేడు కొండవ్వ పట్టుకుంది. ఆమె నిజం చెప్పింది, తాను నమ్మలేదు, ఎవరినీ నమ్మనివ్వలేదు. ఇప్పుడు తాను అబద్ధం చెబితే అందరూ నమ్ముతారు. సిద్ధమ్మకు సిగ్గుతో ఒళ్లంతా చెమట పట్టింది. తల తిప్పి చూస్తే, గుడ్లు పొదిగే కోడిలా కుప్ప మీద కూర్చొని, ఒక కొమ్మను తొడ కింద దాస్తున్న మొగుడు కనిపించాడు.

నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. నవ్వి నవ్వి మోకాళ్ల మీద కూలబడింది. నవ్వులోనే ఏడుపొచ్చింది, ఏడుపులోనే గొంతొచ్చింది.

"నాకు ఎరుకే అక్కా! నాకంతా ఎరుకే! బీటీ గింజలు పడ్డయి! గీయననే పెట్టిండు, పోగుంటలల్ల! పొద్దుగాల చెప్పిండు!"

చేనంతటా కోతులు లేచిపోయాయి. సింధూజ చేతిలో బోర్డు అట్లే ఉండిపోయింది. కొండవ్వ మాత్రం ఆశ్చర్యపోలేదు. కుప్ప దగ్గరికి పోయి, "లే దేవదాసు" అంది. పరదా తీసి, పీకిన చెట్ల నుంచి ఒక ఆకు తెంపి సింధూజకు ఇచ్చింది. ఒకటే గీత. ఇంకో చెట్టు ఆకు ఇచ్చింది. మళ్లీ ఒకటే గీత.

"బంగారమసొంటి చెట్లు పీకినవు చెల్లె" అంది.

సిద్ధమ్మ మొగుడి వైపు చూసిన చూపుకు అతడు పరదా కప్పుకున్నాడు.

కొండవ్వ నడిచి నడిచి చేనుకు ఆ కొసన, జొన్న పక్క సాళ్లలోకి వెళ్లింది. అక్కడ ఒక చెట్టు ఆకు తెంపింది. రెండు గీతలు, స్పష్టంగా. "గివ్వి ఈయన నాటినయి. గా పొద్దు నేను మా గెట్టు మీద గడ్డి కోస్తున్న. రంగు గింజలు చూసిన, పాట గూడ విన్న. పాట మంచిగనే పాడిండు."

"మరి నీకు ముందుగాలనే ఎరుకైతే, గీ సాళ్లల్ల ఆకు ఎందుకు తెంపలే అక్కా?" అంది సిద్ధమ్మ, చేతిలో మట్టి ఇంకా పట్టుకొనే.

"చేను ఎట్లున్నదో నాకు అప్పటి నుంచే ఎరుక. నువ్వు ఎట్లున్నవో ఎరుకలేకుండె."

సిద్ధమ్మ పిడికిట్లోని మట్టిని నేల మీద పోసింది. "పోయినేడు నువ్వు నిజమే చెప్పినవు అక్కా. నేను నమ్మలే. నిన్ను నలుగురిల పలుచన చేసిన. నాకు సిగ్గయితుంది" అంది మెల్లగా.

కొండవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "గట్టిగ చెప్పు చెల్లె. పోయినేడు ఊరంత ఇన్నది. గిది నాకొక్కదానికే ఇనవడితే ఎట్ల?"

సిద్ధమ్మ లేచింది. బోర్డు గుంత పక్కన పోసిన మట్టికుప్ప ఎక్కింది. ఊరివైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టి, మూడేళ్లుగా చాటుకోవడానికి వాడిన బలమంతా పెట్టి అరిచింది.

"కొండవ్వక్క పోయినేడు నిజమే చెప్పిందీ! తప్పు నాదీ!"

ఊళ్లో కుక్కలు మొరిగాయి. బడి దగ్గర ఎవరో ఈల వేశారు. కొండవ్వ మొహంలోకి నవ్వు నిదానంగా, ఆమె నడకంత నిదానంగా వచ్చింది, వచ్చాక మళ్లీ పోలేదు.

"మరి శిక్ష?" అని సింధూజ భయం భయంగా అడిగింది.

"ఏడాది బయట" అంది సిద్ధమ్మ తానే.

"ఏడాదే" అంది కొండవ్వ, ప్రతి అక్షరం తీపిగా నములుతూ. "నియమం నియమమే గదా!"

జొన్న పక్క సాళ్లన్నీ నలుగురూ కలిసి పీకారు. దేవదాసు ఈసారి పాట పాడలేదు. సింధూజ బోర్డును స్కూటీ ముందర నిలబెట్టుకొని పోతుంటే, సిద్ధమ్మ వెనకనుంచి, "బిడ్డా, బోర్డు పైలం! ఫొటో గీసుకపోనీకు, మళ్ల పనికొస్తది!" అని కేకేసింది.

ఎంగిలిపూల నాడు తంగేడుకు పోయే ఆడవాళ్లంతా ఆ చేను దగ్గర ఆగారు. ఆకుపచ్చ గుంజ నిలబడి ఉంది, బోర్డు లేదు. "ఏమాయె సిద్ధమ్మా?" అని అడిగినవాళ్లందరికీ ఆమె మొదటి నుంచి చివరిదాకా, కల్లుతో, కుప్పతో, కోడితో సహా చెప్పింది. పువ్వులకు ఆలస్యమైనా ఎవరూ కదల్లేదు. సౌమ్య అందర్నీ గుంజ చుట్టూ నిలబెట్టి ఫొటో తీసింది. కొండవ్వ ఆ గుంజ మొదట్లో రెండు చిక్కుడు గింజలు నాటి, "ఉత్తగ నిలవడుడు ఎందుకు, పని చేయనీ" అంది.

మళ్లీ వానాకాలం వచ్చింది. పోయిన పంటప్పుడే కొండవ్వ ఒక మూల సాళ్లలో, పూతకు గుడ్డసంచులు కట్టి, ఈగ వాలనివ్వకుండా గింజ తీసింది. పరీక్ష చేస్తే ఒకటే గీత. అందులోనే కొన్ని తెచ్చి సిద్ధమ్మ కొంగులో పోసింది. దేవదాసు బీటీ మానలేదు, వాదనా మానలేదు, కానీ గెట్టు పక్క సాళ్లలో పత్తి తీసేసి కంది పెట్టాడు. ఎందుకని అడిగితే, అది వేరే సంగతి అన్నాడు.

గింజలు మొలిచినచోట మొలిచాయి, మొలవనిచోట పోగుంటలు పడ్డాయి. సిద్ధమ్మ గెట్టు దాటి మొగుడి దగ్గరికి వచ్చి, అతని రుమాలు విప్పి, అందులో ఉన్న రంగు గింజలు దులిపేసి, కొండవ్వ ఇచ్చిన తెల్లగింజలు పోసి ముడివేసింది.

"దా. నా పోగుంటలు నువ్వే పెట్టాలె" అంది.

"నేను లేనంటివి గదా నీ చేన్ల?"

"అప్పుడు లేవు. ఇప్పుడు దా."

దేవదాసు చెప్పులు గెట్టు మీద విడిచి ఆమె చేనులోకి దిగాడు. వంగి, గింజ పెట్టి, మట్టి కప్పి, ఒక సాలు పూర్తయ్యేసరికి తెలియకుండానే పాట అందుకున్నాడు. అవతలి గెట్టు మీద గడ్డి కోస్తున్న కొండవ్వ కొడవలి ఆపి, "ఏ సాళ్లో ఈసారన్న యాదికుంచుకో దేవదాసూ!" అని అరిచింది.

"నువ్వున్నవు గదా వదినే!" అని దేవదాసు తిరిగి అరిచాడు. సిద్ధమ్మ ఇద్దర్నీ మించి నవ్వింది, కంది సాళ్లలో కూర్చున్న కోతులు లేచి రోడ్డెక్కాయి.